సీనియర్ ఏడాది కాలేజీ అప్లికేషన్లు: ప్రాజెక్టు డైరీ, 2025–26

డాలస్ పక్క ఊళ్లో పబ్లిక్ హైస్కూల్లో 12వ గ్రేడ్‌కి వస్తున్న ఒక అమ్మాయి అప్లికేషన్ల పని ఇది. అమ్మాయి ఇక్కడే పుట్టింది, తల్లిదండ్రులు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నారు. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కంప్యూటర్ సైన్స్, కుదరకపోతే ఇంజనీరింగ్. కాలేజీలు ఎనిమిది: యూటీ ఆస్టిన్, టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్, పర్డ్యూ, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్, జార్జియా టెక్, రైస్, ఎంఐటీ.

పనిని ఒకే నియమం మీద నడుపుతున్నాం. వేరేవాళ్ల చేతిలో ఉన్న పని ముందు, మన చేతిలో ఉన్నది తర్వాత. ఎస్సే రాత్రి పదకొండింటికి కూడా దిద్దుకోవచ్చు. టీచర్ రాయాల్సిన ఉత్తరం, స్కూలు కౌన్సిలర్ పంపాల్సిన ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు), శాట్ (ప్రవేశ పరీక్ష) స్కోరు మన ఇష్టానికి రావు. మా తెలుగు సంఘాల్లో ఏటా జరిగే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ వరస తలకిందులవడం వల్లే. వేసవంతా ఎస్సే పట్టుకుని కూర్చుంటారు, సెప్టెంబరులో టీచర్ దగ్గరికి వెళ్తే ఖాళీ ఉండదు.

మే 2025, స్కూలు మూసేలోపు

రెకమెండేషన్ లెటర్లు ఇద్దరు టీచర్లని అడగడం అయింది. ఎంఐటీకి ఒకరు మ్యాథ్స్ లేదా సైన్స్ టీచర్, ఇంకొకరు ఇంగ్లిష్, చరిత్ర, భాషల వైపు టీచర్ కావాలి. ఆ జత అడిగితే మిగతా కాలేజీలకీ సరిపోతుంది, అందుకే జాబితాలో కఠినమైన నిబంధన చూసి ఎంచుకున్నాం. ఇద్దరూ 11వ గ్రేడ్‌లో చెప్పినవాళ్లే. 9వ గ్రేడ్ టీచర్‌తో ఎంత చనువున్నా ఆ ఉత్తరం పాతబడిపోయి ఉంటుంది.

టీచర్‌కిచ్చే కాగితంలో చాలామంది బహుమతుల జాబితా పెడతారు. అది అప్లికేషన్‌లో ఎలాగూ ఉంటుంది. మేం ఒక్క పేజీలో ఆ క్లాసులోనే జరిగిన మూడు విషయాలు రాయించాం: ఏ ప్రాజెక్టులో ఎక్కడ ఇరుక్కుంది, ఏ చర్చలో ఏం వాదించింది, తక్కువ మార్కులొచ్చిన పరీక్ష తర్వాత ఏం మార్చుకుంది. నూట యాభై మంది పిల్లల్ని చూసే టీచర్‌కి ఆ మూడూ గుర్తు చేస్తేనే ఉత్తరంలో ప్రాణం ఉంటుంది.

ఈమెయిలు: అప్లికేషన్లన్నిటికీ ఒకే కొత్త వ్యక్తిగత మెయిలు తెరిచాం. స్కూలు ఇచ్చిన మెయిలు వాడకూడదు. గ్రాడ్యుయేషన్ తర్వాత మూసేస్తారు, కొన్ని స్కూలు జిల్లాల్లో బయటి మెయిళ్లు అందులోకి రావు కూడా.

జూన్: పేరు

తెలుగువాళ్ల ఇళ్లలో దీనికి ఒక వారం విడిగా కేటాయించాలి. అమ్మాయి పేరు "సాయి శ్రీజ" అనుకుందాం. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద రెండు మాటలూ ఫస్ట్ నేమ్‌లో ఉన్నాయి. స్కూలు రికార్డులో సాయి ఫస్ట్ నేమ్, శ్రీజ మిడిల్ నేమ్. శాట్ నడిపే కాలేజ్ బోర్డ్ ఖాతాలో రెండూ కలిపేసి ఒకే మాట. ఇంట్లో, స్నేహితుల్లో ఒట్టి శ్రీజ. కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు. శాట్ స్కోరు కాలేజీకి చేరుతుంది గానీ ఫైలుకి అతుక్కోదు. కాలేజీ పోర్టల్లో (అప్లికేషన్ స్థితి చూపే సైటులో) నెలరోజులు "స్కోరు రాలేదు" అనే కనిపిస్తుంది.

సోషల్ సెక్యూరిటీ కార్డునే ప్రమాణంగా పెట్టుకున్నాం, ఎందుకంటే ఫాఫ్సా (సమాఖ్య ఆర్థిక సాయం కోరే ఫారం) ఖాతా పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో సరిపోలాలి. స్కూలు రికార్డు మార్పించడానికి రిజిస్ట్రార్‌కి జనన ధ్రువపత్రం ఇచ్చాం. కాలేజ్ బోర్డ్ ఖాతాలో పేరు మనంతట మనమే మార్చుకోవడం అన్నిసార్లూ కుదరదు, కస్టమర్ సర్వీస్‌కి ఫోన్ చేయాలి. తర్వాతి శాట్‌కి రిజిస్టర్ అయ్యేలోపే అది చేయించుకోవాలి. ఇంట్లో పిలిచే పేరు కోసం కామన్ యాప్‌లో (ఒకే ఫారం చాలా కాలేజీలకి పంపే సైటులో) విడిగా ఒక గడి ఉంది, అక్కడ రాస్తే చాలు.

షీట్ కూడా ఈ నెలలోనే తయారైంది. ఒక్కో కాలేజీకి ఒక్కో వరస. నిలువు గడులు: మేజర్, రెండో ఛాయిస్ మేజర్, రౌండ్ (ముందు విడత అయిన ఎర్లీయా, మామూలు విడత అయిన రెగ్యులరా), గడువు, శాట్ తప్పనిసరా, ఉత్తరాలెన్ని, మార్కులు ఎవరు పంపాలి, ఎస్సేలు మాటల లెక్కతో సహా, అప్లికేషన్ ఫీజు, సీఎస్ఎస్ (కొన్ని కాలేజీలు సాయం కోసం అడిగే విడి ఫారం) కావాలా, పోర్టల్ యూజర్ నేమ్. ఇందులో అందరూ మరిచిపోయే గడి "మార్కులు ఎవరు పంపాలి". ఇల్లినాయ్‌కి మొదట విద్యార్థే తన మార్కులు ఎక్కించాలి, ఉత్తరాలు అక్కర్లేదు. ఏ అండ్ ఎంకి స్టార్స్ అనే విడి ఫారంలో తొమ్మిదో తరగతి నుంచి ప్రతి కోర్సూ, ర్యాంకూ మనమే నింపాలి. ఎంఐటీ, రైస్‌లకి కౌన్సిలరే పంపాలి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

జాబితాలోంచి ఈ నెల తీసేసింది కాలిఫోర్నియా యూనివర్సిటీలు. బర్క్‌లీ పేరు చూసి ప్రతి టెక్సాస్ ఇంట్లోనూ పెడతారు. బయటి రాష్ట్రం విద్యార్థికి మామూలు ఫీజు మీద ఏడాదికి 37 వేల డాలర్లకు పైగా అదనపు ట్యూషన్ పడుతుంది, బయటివాళ్లకిచ్చే సాయం బాగా తక్కువ. పైగా అక్కడ 350 మాటల సమాధానాలు నాలుగు విడిగా రాయాలి, శాట్ స్కోరు చూడనే చూడరు. డబ్బు కట్టగలిగిన ఇంటికి అది మంచి ఎంపికే. ఇక్కడ కాదు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, సమాఖ్య చట్టం ప్రకారం ఉండి తీరాలి. పేరు షీట్‌లోకి ఎక్కకముందే ఆ లెక్క వేసి చూడాలి.

జులై: ర్యాంకు, పెద్ద ఎస్సే

11వ గ్రేడ్ ముగింపు ర్యాంకు వచ్చింది. టెక్సాస్‌లో ఈ ఒక్క అంకె మీద చాలా ఆధారపడి ఉంటుంది. 1997 నాటి చట్టం ప్రకారం స్కూల్లో టాప్ 10 శాతానికి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది. ఇన్నాళ్లూ 6 శాతం దగ్గర ఉన్న ఆ గీత 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతానికి వచ్చింది. గత ఏడాది పెద్ద పిల్లవాడికి వచ్చిందని ఈ ఏడాది చిన్నదానికీ వస్తుందనుకునే ఇళ్లు ఇది గమనించాలి.

ఇంకో సంగతి: నేరుగా ప్రవేశం యూనివర్సిటీకే గానీ మేజర్‌కి కాదు. టాప్ 5 శాతంలో ఉండి కంప్యూటర్ సైన్స్ రాని పిల్లలు ఏటా ఉంటారు. కాబట్టి ర్యాంకు వచ్చినా ఎస్సేలూ, యాక్టివిటీలూ అంతే శ్రద్ధగా రాయాలి. ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి. ఆ తర్వాత మేజర్ ఎంపిక, 3.75 జీపీఏ (సగటు గ్రేడు) ఉంటే కోరుకున్నది ఖాయం. అంటే అక్కడ కంప్యూటర్ సైన్స్ పోటీ చేరాక జరుగుతుంది. ఆస్టిన్‌కీ, ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్‌కీ తేడా తూచేటప్పుడు ఫుట్‌బాల్ కంటే ముందు మాట్లాడుకోవాల్సింది ఇది.

కామన్ యాప్ ఎస్సే 250 నుంచి 650 మాటలు. ఏడు ప్రశ్నల్లో ఏదో ఒకటి. ప్రశ్న ముందు ఎంచుకోవద్దని చెప్పాం, ముందు సరుకు ఉండాలి. మొదటి చిత్తు తాతగారి ఊరు వెళ్లడం, అక్కడ కరెంటు పోవడం, పేదరికం చూసి కళ్లు తెరుచుకోవడం. ఇది మన పిల్లల ఎస్సేల్లో నలిగిపోయిన దారి. రాసిన అమ్మాయి గురించి అందులో ఏమీ తెలియదు, ఊరు గురించీ తెలియదు. రెండో చిత్తులో పక్కింటి పెద్దావిడకి మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కాగితాలు చదివి పెట్టడం, ఆ ఉత్తరాల్లో అర్థం కాని మాటలకి తానే ఒక పట్టిక తయారుచేయడం వచ్చింది. అందులో పని ఉంది, తప్పు చదివిన ఒక బిల్లు ఉంది, దాన్ని సరిదిద్దిన ఫోన్ కాల్ ఉంది. ఇదే ముందుకు వెళ్తోంది.

పెద్దవాళ్లు ఎస్సే మీద చేయి వేయకూడదని మా గట్టి అభిప్రాయం. 47 ఏళ్ల ఇంజనీరు వాక్యం 17 ఏళ్ల పిల్ల పేజీలో ఎంత దాచినా బయటపడుతుంది. చదివి "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని చెప్పొచ్చు, అంతవరకే. ఏఐ పనిముట్లతో రాయించిన ముక్కని తన రాతగా పెట్టడం కామన్ యాప్ నియమాల్లో మోసం కిందికి వస్తుంది, కాబట్టి ఆ దారి మూసేశాం.

ఆగస్టు 1: కామన్ యాప్ కొత్త సీజన్

ఈ రోజు కొత్త సీజన్ ఫారం తెరుచుకుంటుంది. ముందే ఖాతా తెరిచి ఉంచినందువల్ల స్వవిషయాలు అలాగే ఉన్నాయి, కాలేజీల విడి ప్రశ్నలు మాత్రం ఇప్పుడే వచ్చాయి. అన్ని కాలేజీల చిన్న ఎస్సేలూ షీట్‌లోకి ఎక్కించాం. "ఈ మేజర్ ఎందుకు", "మా కాలేజీ ఎందుకు", "నీ చుట్టుపక్కల మనుషులు" అనే మూడు మూటల్లోకి సగానికి పైగా వచ్చేస్తాయి. మేజర్ జవాబుని అటూ ఇటూ మార్చి వాడుకోవచ్చు. "మా కాలేజీ ఎందుకు" మాత్రం ప్రతిదీ కొత్తగా రాయాలి. ఒక కాలేజీ పేరు ఇంకో కాలేజీ ఎస్సేలో మిగిలిపోవడం నిజంగా జరిగే ప్రమాదం. ఎక్కించిన ప్రతి ఎస్సేలోనూ మిగతా ఏడు పేర్లూ వెతికి చూస్తున్నాం.

యాక్టివిటీలు పదికి మించకూడదు. హోదాకి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, వివరణకి 150, ఖాళీలతో కలిపి. కూచిపూడి వరస మీద ఎక్కువసేపు కూర్చున్నాం. మొదటి రూపం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "తొమ్మిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. మన సంస్కృతి మీద మక్కువ, క్రమశిక్షణ, పట్టుదల అలవడ్డాయి." చదివే అడ్మిషన్ ఆఫీసరుకి కూచిపూడి అంటే తెలియదు, క్రమశిక్షణ ప్రతి పిల్లా రాస్తుంది. మార్చిన రూపం: హోదా గడిలో "నర్తకి, శనివారం క్లాసు సహాయ బోధకురాలు", సంస్థ గడిలో నాట్యాలయం పేరు, పక్కన "భారతీయ శాస్త్రీయ నృత్యం", వివరణలో "చిన్నపిల్లల బ్యాచ్‌కి నాట్యం అడుగులు నేర్పడం, రెండు గంటల రంగప్రవేశం, లైట్లు, పాటల క్యూ షీట్ తయారీ". విశేషణాలు పోయాయి, చేసిన పనులు మిగిలాయి.

వారానికి గంటలు, ఏడాదికి వారాలు అనే రెండు గడులు ఉన్నాయి. పదీ నింపాక కూడి చూడాలి. స్కూలుతో కలిపి వారానికి 110 గంటలు తేలితే ఎవరూ నమ్మరు. వేసవిలో మాత్రమే చేసినదానికి వారాలు 8 అని రాయాలి, 52 కాదు.

తల్లిదండ్రుల చదువు గడి దగ్గర ప్రతి తెలుగింట్లోనూ ఒక ప్రశ్న వస్తుంది. చదివింది జిల్లాలో అనుబంధ కాలేజీలో, డిగ్రీ ఇచ్చింది జేఎన్‌టీయూ లేదా ఆంధ్రా యూనివర్సిటీ. కాలేజీ పేరు జాబితాలో దొరకదు. డిగ్రీ పట్టా మీద ఉన్న యూనివర్సిటీని వెతికి పెడితే సరిపోతుంది, అదీ దొరక్కపోతే "జాబితాలో లేదు" ఎంచుకుని టైపు చేయాలి. భాషల గడిలో తెలుగు ఉంది. మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా అడుగుతారు. రాయడం రాకపోతే ఆ గడి వదిలేయాలి. మనబడిలో నేర్చుకుని నిజంగా రాయగలిగితే ధైర్యంగా పెట్టాలి.

ఆగస్టు 23: శాట్

టెస్టు అయింది. యూటీ ఆస్టిన్, పర్డ్యూ, జార్జియా టెక్, ఎంఐటీలకి స్కోరు తప్పనిసరి. ఆస్టిన్ ఎర్లీ గడువు అక్టోబరు 15. అక్టోబరు 4 పరీక్ష ఫలితం రావడానికి సుమారు రెండు వారాలు, అంటే ఆ గడువుకి అందదు. కాబట్టి ఆస్టిన్ ఎర్లీకి ధీమాగా నమ్ముకోగలిగిన చివరి పరీక్ష సెప్టెంబరు 13దే. మొదటి ప్రయత్నం ఆగస్టులో పెట్టింది అందుకే, తక్కువ వస్తే ఇంకొకటి మిగలాలని.

డిజిటల్ శాట్ 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు. ప్రతి భాగంలో మొదటి మాడ్యూల్ బాగా చేస్తేనే రెండోది కష్టంగా వస్తుంది. కష్టంగా వచ్చిందంటే పై స్కోర్లకి దారి తెరిచినట్టే, కంగారు పడక్కర్లేదు. పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లో ఎగ్జామ్ సెటప్ పరీక్షకి ముందు అయిదు రోజుల్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఆ ఉదయానికి మిగల్చకూడదు. స్కూలు ల్యాప్‌టాప్ అయితే అప్‌డేట్ ఆగిపోయి అక్కడే ఇరుక్కుంటారు.

సెప్టెంబరు: కౌన్సిలర్ వైపు పని

టీచర్లకి ఆహ్వానాలు పంపాలంటే ముందు ఒక కాలేజీనైనా చేర్చుకుని ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం) పత్రం మీద సంతకం పెట్టాలి. అందులో ఉత్తరాలు చూసే హక్కు వదులుకుంటున్నారా అని అడుగుతారు. వదులుకోవాలి. చూసే హక్కు ఉంచుకుంటే చాలామంది టీచర్లు రాయడానికే ఇష్టపడరు, కాలేజీలూ ఆ ఉత్తరాన్ని పూర్తిగా నమ్మవు. స్కూలు నేవియాన్స్ (కాలేజీలకి కాగితాలు పంపే సాఫ్ట్‌వేర్) వాడితే కామన్ యాప్ ఖాతాని దానికి జత చేయాలి, టీచర్ ఆహ్వానం అక్కణ్నించే వెళ్లాలి. రెండుచోట్లా పంపితే టీచర్‌కి రెండు లింకులు వెళ్తాయి, ఏదో ఒకటి ఖాళీగా మిగిలిపోతుంది.

ట్రాన్స్‌క్రిప్ట్ కోరే ఫారానికి స్కూల్లో విడిగా లోపలి గడువు ఉంటుంది. కాలేజీ గడువుకి మూడు వారాల ముందు అడగాలన్నది సాధారణంగా చూసే పద్ధతి. అక్టోబరు 15వి సెప్టెంబరు మూడో వారంలో, నవంబరు 1వి అక్టోబరు మొదట్లో కోరాం. కౌన్సిలర్‌ని తొందరపెట్టే మెయిళ్లు తల్లిదండ్రులు రాయకూడదు, అమ్మాయే రాయాలి. కౌన్సిలర్ ఆమె గురించి రాయబోతున్నారు, మన గురించి కాదు.

అక్టోబరు మొదటి వారం: ఫాఫ్సా

చట్టం ప్రకారం అక్టోబరు 1కి తెరవాలి, ఈసారి సెప్టెంబరు చివర్లోనే తెరుచుకుంది. 2026–27 ఫారానికి 2024 ట్యాక్స్ లెక్కలు కావాలి.

తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా అమ్మాయి అమెరికా పౌరురాలు కాబట్టి అర్హత ఉంది. ఈ సంగతి తెలియక ఫాఫ్సా వేయని ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లిదండ్రుల వీసా పిల్ల అర్హతని తగ్గించదు. ట్యాక్స్ జాయింటుగా వేస్తే ఇద్దరిలో ఒక్కరు కాంట్రిబ్యూటర్‌గా (ఫారంలో తన వివరాలిచ్చే వ్యక్తిగా) వస్తే చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నవాళ్లే రావడం మంచిది, ఖాతా గుర్తింపు త్వరగా అవుతుంది. నంబరు లేని తల్లి లేదా తండ్రి కూడా ఖాతా తెరవొచ్చు గానీ గుర్తింపు దగ్గర ఆలస్యం అవుతుంది. ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) నుంచి లెక్కలు తీసుకోవడానికి ఒప్పుకోని ఫారం చెల్లదు. "మా వివరాలు ఎందుకు" అని ఆ గడి దగ్గర ఆగిపోతే సాయం మొత్తం పోతుంది.

ఆస్తుల భాగం దగ్గర ఎక్కువమంది తప్పుతారు. మీరుంటున్న ఇల్లు, 401కె లాంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సా లెక్కలోకి రావు. మీ పేరు మీద హైదరాబాద్‌లో ఉన్న ఫ్లాటు, శంషాబాద్ దగ్గరి ప్లాటు, కౌలుకిచ్చిన పొలం వస్తాయి. దేశం ఏదని అడగరు, ఆస్తి ఎంతని అడుగుతారు. రాయాల్సింది ఫారం వేసే రోజున మార్కెట్ విలువ, అందులోంచి ఆ ఆస్తి మీదున్న అప్పు తీసేసి, ఆ రోజు మారకం రేటుతో డాలర్లలో. రిజిస్ట్రేషన్ విలువ కాదు. మీ నాన్నగారి (అమ్మాయి తాతగారి) పేరు మీదే ఉన్న ఆస్తి మీది కాదు, అది రాయక్కర్లేదు. అన్నదమ్ముల ఉమ్మడి అయితే మీ వాటా వరకే. లెక్క వేసిన కాగితం, ఆ రోజు రేటు ఫైల్లో పెట్టుకున్నాం. కాలేజీ ధ్రువీకరణ అడిగితే అదే చూపించాలి.

అమ్మాయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి ఉంటే ఈ పనంతా వేరుగా ఉండేది. సమాఖ్య సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు విదేశీ విద్యార్థి కిందే చూస్తాయి, అక్కడ సాయం అడగడం ప్రవేశం మీద ప్రభావం చూపొచ్చు. ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి కొన్ని మాత్రం విదేశీయుల విషయంలోనూ డబ్బు చూడకుండా నిర్ణయిస్తాయి. హెచ్-4 పిల్లల జాబితా అక్కణ్నించి మొదలవ్వాలి. ఇంకొకటి, 21 నిండాక హెచ్-4 ఉండదు, చాలామంది కాలేజీ మధ్యలో ఎఫ్-1కి (విద్యార్థి వీసాకి) మారాల్సి వస్తుంది. అప్పుడు ఇన్-స్టేట్ (సొంత రాష్ట్రం వాళ్లకుండే) ఫీజు సంగతేమిటో చేరకముందే రిజిస్ట్రార్‌ని మెయిల్లో అడిగి జవాబు దాచుకోవాలి.

అక్టోబరు 12: ఆస్టిన్, ఏ అండ్ ఎం పంపడం

గడువు 15, పంపింది 12. చివరి రాత్రి సైటు నెమ్మదించడం ఒక కారణం. బ్యాంకు కార్డు తిరస్కరించడం రెండోది, వరసగా ఒకే చోట కడుతుంటే మోసమనుకుని బ్యాంకు ఆపేస్తుంది. ఫీజులు ఒక్కో కాలేజీకి సుమారు 50 నుంచి 90 డాలర్ల మధ్య ఉన్నాయి.

పంపే వరస: పీడీఎఫ్ తెరిచి మొత్తం చదవడం, ఫీజు కట్టడం, సంతకం, ఆ తర్వాత సబ్మిట్. ఫీజు కట్టిన మెయిలు రాగానే అయిపోయిందనుకుని చాలామంది ల్యాప్‌టాప్ మూసేస్తారు. కట్టాక మళ్లీ వెనక్కి వచ్చి సంతకం చేసి సబ్మిట్ నొక్కితేనే వెళ్లినట్టు. కొన్ని కాలేజీలకి రాత భాగం విడిగా సబ్మిట్ చేయాలి. రెండింటికీ పచ్చ టిక్కు పడిందో లేదో చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకుంటున్నాం. పీడీఎఫ్‌లో ఒక ఎస్సే పేరాలు కలిసిపోయి కనిపించింది. వర్డ్ నుంచి అతికించినప్పుడు ఇలా అవుతుంది, పేరాల మధ్య ఖాళీలు మళ్లీ పెట్టాం.

నవంబరు 1: రెండో విడత

పర్డ్యూ, ఇల్లినాయ్, ఎంఐటీ, జార్జియా టెక్ ఎర్లీ యాక్షన్ (వచ్చినా చేరి తీరాలన్న కట్టు లేని ముందు విడత) వెళ్లిపోయాయి. యూటీ డాలస్ అంతకు ముందు వారమే వెళ్లింది. పర్డ్యూలో కంప్యూటర్ సైన్స్‌కి ఎర్లీ దాటితే చోటు దొరకడం కష్టం. ఎంఐటీ కామన్ యాప్‌లో లేదు, దాని పోర్టల్ వేరు, అక్కడ యాక్టివిటీలు నాలుగే. పదిలోంచి నాలుగు ఏరడం అమ్మాయికి చాలా ఉపయోగపడింది, ఏది నిజంగా ముఖ్యమో అక్కడ తేలింది.

రైస్‌కి ఎర్లీ డెసిషన్ పెట్టలేదు, రెగ్యులర్‌లో పెడతాం. ఎర్లీ డెసిషన్ మీద విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెడతారు. వస్తే చేరాల్సిందే, మిగతా ఆఫర్లతో పోల్చుకునే అవకాశం పోతుంది. నెట్ ప్రైస్ లెక్కలో వచ్చిన అంకె ఎంతైనా కట్టగలమన్న ఇంటికి అది మంచి పనిముట్టు. ఖర్చు పోల్చుకోవాల్సిన ఇంటికి కాదు.

నవంబరు, డిసెంబరు: పోర్టళ్లు

సబ్మిట్ చేసిన కొద్ది రోజులకి ప్రతి కాలేజీ పోర్టల్ లాగిన్ పంపుతుంది, సగం స్పామ్‌లో పడతాయి. అక్కడి చెక్‌లిస్టే అసలైనది. "ట్రాన్స్‌క్రిప్ట్ రాలేదు" అని రెండు వారాల వరకు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, స్కూలు పంపినవి ఎక్కించడానికి వాళ్లకి సమయం పడుతుంది. రెండు వారాలు దాటితే అమ్మాయి కౌన్సిలర్‌కి రాయాలి. ఏ అండ్ ఎం స్టార్స్ ఫారంలో కోర్సుల పేర్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నట్టే రాయాలి, సెమిస్టర్ మార్కులు కూడా యథాతథంగా. గుండ్రం చేయకూడదు. చేరేముందు అసలు ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోలుస్తారు.

రైస్, ఎంఐటీలకి సీఎస్ఎస్ ప్రొఫైల్ వేశాం. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఏటా లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి ఉచితం. ఇది ఫాఫ్సా కంటే లోతుగా అడుగుతుంది, మీరుంటున్న ఇంటి విలువతో సహా. ఆదాయం, ఆస్తుల అంకెలు రెండు ఫారాల్లోనూ ఒకేలా ఉండాలి. వేరే తారీఖున వేసి రూపాయి రేటు మారితే ఆ తేడాని వివరణ గడిలో ఒక్క వాక్యంలో రాయాలి.

క్రిస్మస్ సెలవుల్లో రైస్ ఎస్సేలు ముగిశాయి.

జనవరి

ఫాఫ్సాకి టెక్సాస్ ప్రాధాన్య తేదీ జనవరి 15, మనది అక్టోబరులోనే వెళ్లింది. ఆస్టిన్ ఎర్లీ నిర్ణయాలూ ఆ తేదీలోపే. మొదటి సెమిస్టర్ మార్కులతో మిడ్-ఇయర్ రిపోర్టు కౌన్సిలర్ పంపాలి, ఎక్కడెక్కడికి కావాలో షీట్‌లోంచి తీసి ఇచ్చాం. ఈ నెలలో పిల్లలు చదువు వదిలేస్తారు. డిఫర్ అయినచోట (ఎర్లీ నిర్ణయాన్ని రెగ్యులర్‌కి వాయిదా వేసినచోట) కాలేజీలు చూసే కొత్త సరుకు ఈ మార్కులే.

డిఫర్ వస్తే రాసే ఉత్తరం ఒక్క పేజీ చాలు: ఇంకా ఆసక్తి ఉందని ఒక వాక్యం, అప్లికేషన్ తర్వాత కొత్తగా జరిగినవి రెండు మూడు. పాత ఘనతలు మళ్లీ చెప్పకూడదు. కొన్ని కాలేజీలు ఉత్తరాలు వద్దంటాయి, పోర్టల్లో ఫారమే నింపమంటాయి. అలాంటిచోట ఉత్తరం పంపితే చెడే జరుగుతుంది.

ఏప్రిల్: ఆఫర్లు పక్కపక్కన

నిర్ణయాలన్నీ వచ్చాయి. సాయం ఉత్తరాల్లో "అవార్డు" అన్న ఒక్క మాట కింద మూడు రకాల డబ్బు కలిపేస్తారు: తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు, పని చేసి సంపాదించుకోవాల్సిన వర్క్-స్టడీ, అప్పు. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు మాత్రమే తీసేసి మిగిలినదాన్ని నాలుగుతో గుణించి చూశాం. మొదటి ఏడాది విద్యార్థికి సమాఖ్య అప్పు 5,500 డాలర్ల వరకే, అందులో వడ్డీ ప్రభుత్వం భరించే భాగం 3,500. పేరెంట్ ప్లస్ అప్పు హెచ్-1బీ తల్లిదండ్రులకి రాదు, పౌరులకీ గ్రీన్ కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లకే. దాన్ని ఆధారంగా చూపించిన ప్లాను కొట్టేయాలి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లకా, ఒక్క ఏడాదికేనా, ఎంత జీపీఏ నిలబెట్టుకోవాలి అన్నవి షీట్‌లో విడి గడులయ్యాయి. ఈ గడులు నింపాక వరస మారింది. పేరు పెద్దదైన ఒక బయటి రాష్ట్రం ఆఫర్ రెండో ఏడాదికే ఆస్టిన్ కంటే బాగా ఖరీదైంది.

మే 1 తర్వాత మిగిలినవి

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ ఒక్క చోటే కట్టాలి, మిగతా కాలేజీలకి రావట్లేదని పోర్టల్లో చెప్పాలి. ఆ సీట్లు వెయిట్‌లిస్ట్ పిల్లలకి వెళ్తాయి. ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షల) స్కోర్లు ఉచితంగా పంపే కాలేజీని జూన్ 20లోపు ఎంచుకోవాలి. ఆఖరి ట్రాన్స్‌క్రిప్ట్ స్కూలు మూసేలోపే కోరాం, వేసవిలో రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ ఉండరు.

టెక్సాస్‌లో 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థులకి బ్యాక్టీరియల్ మెనింజైటిస్ టీకా చట్టప్రకారం తప్పనిసరి. గడచిన అయిదేళ్లలో వేయించుకున్నదై ఉండాలి, క్లాసులకి కనీసం 10 రోజుల ముందు పడాలి. అమ్మాయికి 11 ఏళ్లప్పుడు వేసింది పనికిరాదు, 16లో వేసిన బూస్టర్ తారీఖు పీడియాట్రీషియన్ దగ్గర్నించి తెప్పించి పోర్టల్లో ఎక్కించాం. అది ఒప్పుకునేదాకా రిజిస్ట్రేషన్ హోల్డ్ ఉంటుంది, హోల్డ్ ఉంటే ఓరియంటేషన్ రోజున క్లాసులు ఎంచుకోలేరు. ప్రస్తుతం స్థితి: "పరిశీలనలో".